ఆపే కణాలు

సిద్దిపేట
14 జూలై 1990

ప్రమీలకు,

నేను నీకు ఉత్తరం రాసి ఏడాది దాటింది. మీ అక్క పోయాక మీ ఇంటివాళ్లకు ఏం రాయాలో నాకు తోచలేదు. ఇప్పుడూ తోచి రాయడం లేదు. పని ఉండి రాస్తున్నాను.

నీల మూడో తరగతికి వచ్చింది. క్లాసులో పరధ్యానంగా ఉంటోందని టీచరు చీటీ పంపింది. కొన్నాళ్లు పక్కన కూర్చుని చూశాను. పరధ్యానం కాదు. అన్నం కలుపుతూ ఉంటుంది, చెయ్యి ఆగిపోతుంది. కళ్లు తెరిచే ఉంటాయి. రెప్పలు సన్నగా కొట్టుకుంటాయి. పిలిస్తే పలకదు. కాసేపటికి ఏమీ జరగనట్టు మళ్లీ కలుపుతుంది. మాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అందుకుంటుంది. వాళ్లమ్మలా కింద పడదు, కాళ్లూ చేతులూ కొట్టుకోవు. అయినా చూస్తున్నంతసేపూ నాకు వాళ్లమ్మే గుర్తుకొస్తుంది.

మా ఇంటి ఓనరు షమ్షున్నీసా బేగం మొన్న నన్ను గేటు దగ్గర నిలబెట్టి చెప్పింది: "సార్, మీ పిల్ల నల్లా కాడ నిలవడ్డది. బిందె నిండి నీళ్లన్నీ పోతున్నయ్. 'బేటీ, బంద్ చెయ్' అంటే పలుకదు. నేనే వచ్చి బంద్ చేస్తే, 'ఎందుకు బంద్ చేసినవ్ నానీ, ఇంకా నిండలే గదా' అంటది. నిండి పొర్లుతున్న బిందె దానికి కండ్లకు కనవడలే."

నువ్వు ఎలుకల మెదడు మీద పని చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. మెదడు బొమ్మ బోర్డు మీద వేసి థాలమస్ దగ్గర బాణం గుర్తు పెడతాను. నాకు తెలిసింది ఆ బాణం వరకే. అక్కడ కబుర్లను ఆపే కణాల గురించి నీకు తెలిసింది రాయి.

మీ అక్క యాదలక్ష్మి మూర్ఛ గోలీలు ఆపించింది నేను. వేసుకుంటే నిలబడ్డచోటే తూగుతోందని, ఎండాకాలం సెలవుల్లో మానెయ్యమన్నాను. మానేసిన కొద్దిరోజులకే మూర్ఛ వచ్చింది, ఆగలేదు. ఈ మాట కర్మ నాడే అందరి ముందూ చెప్పాను, నువ్వూ ఉన్నావు. మళ్లీ రాయడం ఎందుకంటే, నీల విషయంలో తెలియక ఏదీ చేయకూడదని.

పార్సిలులో ఒక చీర పంపాను. గొల్లభామల అంచుది. మీ నాయిన నేసింది. అది మీ ఇంట్లో ఉండటం న్యాయం.

నీల నిన్ను అడుగుతుంటుంది. బతుకమ్మకు దుబ్బాక వస్తే ఇటు కూడా రా.

కాశీనాథం


బెంగుళూరు
2 ఆగస్టు 1990

బావగారికి నమస్కారం.

చీర అందింది. మూట విప్పలేదు.

దాని వెనకే అవ్వ కార్డు వచ్చింది. పక్కింటి పిల్లతో రాయించినా మాటలన్నీ అవ్వవే. "నీ బావ మంచోడు. తాగుడు లేదు, తిరుగుడు లేదు. తల్లి లేక పిల్ల గుడ్లప్పగించి కూసుంటున్నదట. పరాయిది వస్తే చూస్తదా? అక్క చీర నీకు పంపమని నేనే చెప్పిన. కట్టుకో బిడ్డా. ఊకె సోంచాయించకు." ఆలోచించడం నన్ను కన్న మా అవ్వ దృష్టిలో ఒక జబ్బు. నాకు అది చిన్నప్పుడే పట్టింది.

దాని మీద నేనేమీ రాయను. మీరు ఎలుకల గురించి అడిగారు, ఎలుకల గురించే రాస్తాను.

మెదడు నడుమ పక్కపక్కన పెట్టిన రెండు గుడ్లలా ఉంటుంది థాలమస్. కంటి నుంచి, చెవి నుంచి, ఎలుకకైతే ముఖ్యంగా మీసాల నుంచి వచ్చే కబురంతా అక్కడ దిగి, బండి మారి, మెదడు పైపొరకు పోతుంది. లోపల ఒక్కో కబురుకు ఒక్కో గది. కబురు పంపే కణాలుంటాయి, వాటిని ఆపేవి ఉంటాయి. పుస్తకంలో నిరోధక కణాలంటారు. పిల్లి మెదడులో ఈ ఆపేవాళ్లు ప్రతి గదిలోనూ కాపురం ఉంటారు. ఎలుకలో మాత్రం కంటి గదిలో తప్ప దాదాపు ఎక్కడా లేరు. మరి మిగతా గదులను ఆపేదెవరు? థాలమస్‌ను బయటి నుంచి గొంగడిలా కప్పుకొని ఒక పలుచటి పొర ఉంది. అందులోవన్నీ ఆపే కణాలే. ఇన్ని గదులకూ ఆ ఒక్క గొంగడే దిక్కు.

నా పని ఆ కణాలకు మాత్రమే పట్టే రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద ఎక్కడున్నాయో చూడటం. నాయిన నూలుకు రంగు వేసేవాడు, నేను ఎలుక మెదడుకు వేస్తున్నాను. ఆయన చేతులు ఎప్పుడూ నీలంగా ఉండేవి. నావి గోధుమ రంగులో ఉన్నాయి. కులవృత్తి వదల్లేదని అవ్వకు చెప్పండి.

బతుకమ్మకు రావడం కుదరదు. నీలకు నా ముద్దులు.

ప్రమీలాదేవి


సిద్దిపేట
19 ఆగస్టు 1990

ప్రమీలకు,

ఉత్తరం అందింది. గొంగడి మాట నాకు బాగా అర్థమైంది.

చీర విప్పలేదన్నావు. అదీ అర్థమైంది. నా చేతి మీదుగా వచ్చింది తాకబుద్ధి కాదు. నిన్ను తప్పు పట్టను.

మీ అమ్మ కార్డు సంగతి ఇప్పుడు వద్దు. ముందు నీల.

డాక్టరుకు చూపించాను. యాదలక్ష్మిని చూసినాయనే. తలకు తీగలు పెట్టి మెదడు గీతలు తీసే పరీక్ష హైదరాబాదులో చేస్తారు, చేయించమన్నాడు. నేను వద్దన్నాను. మూర్ఛ పిల్ల అని బళ్లో ఒకసారి పేరు పడితే పెళ్లి దాకా పోదు. తల్లి జబ్బే కదా, తల్లి మందే రాయండి అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి రాశాడు. అదే ఫినోబార్బిటోన్, పిల్లల మోతాదు. పొద్దున, రాత్రి నా చేత్తోనే వేస్తున్నాను. ఒక్క పూట తప్పనివ్వను. బిళ్లలు యాదలక్ష్మి వాడిన రేకు డబ్బాలోనే పోశాను.

నీల ఆ డబ్బాను గుర్తుపట్టింది. "బాపూ, గిది అమ్మ గోలీయే గదా?" అని అడిగింది. అవునన్నాను. సంతోషంగా నోరు తెరిచింది.

ఒక ప్రశ్న. ఆపే కణాలకు బలమిచ్చే మందు వాడితే మెదడులో గడబిడ అణుగుతుందా? నాకు తెలిసిన పాఠం ప్రకారం అణగాలి. నువ్వు చెప్తే నమ్మకంగా ఉంటుంది.

కాశీనాథం


బెంగుళూరు
10 సెప్టెంబర్ 1990

బావగారూ,

మీ ప్రశ్నకు జవాబు: అవును, అణుగుతుంది. ఏ పుస్తకం తీసినా అదే ఉంటుంది. ఆపే కణం బండికి బ్రేకు లాంటిది. బ్రేకు బాగుంటే బండి అదుపులో ఉంటుంది. మీ ఇంటర్ పిల్లలకు ధైర్యంగా చెప్పండి.

ఇక్కడ నాకు ఎలుకలతోనే తెల్లారుతోంది. మా హాస్టల్లో అమ్మాయిలు నా పక్కన కూర్చుని తినడం మానేశారు, ఎలుక వాసనట. నాకైతే ఏ వాసనా రాదు. అలవాటైపోయినట్టుంది. దాని గురించి దిగులు పడాలో వద్దో తెలియడం లేదు.

అవ్వ మళ్లీ కార్డు రాయించింది. నీల దిగులు, నీల చూపు, నీల అన్నం తినకపోవడం. ఎవరికి ఏం కావాలన్నా మధ్యలో పిల్లను నిలబెట్టడం నాకు నచ్చదు. మిమ్మల్ని అనడం లేదు. అన్నా మీరు పట్టించుకోరు, "ఇప్పుడు వద్దు" అంటారు. నేను తర్వాత కూడా వద్దనే అంటాను. ఇది స్పష్టంగా ఉండటం మంచిది.

పిల్లలు తల్లి లేనప్పుడు అలా చూస్తూ కూర్చోవడం మామూలే. మందులకన్నా నలుగురితో ఆడుకోనివ్వండి. అదే సర్దుకుంటుంది.

మీ ఆరోగ్యం చూసుకోండి.

ప్రమీలాదేవి


సిద్దిపేట
8 అక్టోబర్ 1990

ప్రమీలకు,

నీ ఉత్తరంలో రెండో సగం నాకు సరిగా అర్థం కాలేదు. నా మీద కోపం అని మాత్రం అర్థమైంది. ఉండాల్సిందే.

నలుగురితో ఆడనివ్వమన్నావు. బతుకమ్మకు దుబ్బాక తీసుకెళ్లాను. మీ వాకిట్లో ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతున్నారు. నీల కొత్త లంగా కట్టుకొని మధ్యలో చేరింది. ఒక చుట్టు బాగానే తిరిగింది. తర్వాత చప్పట్లకు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. వెనకనుంచి వచ్చినవాళ్లు తగిలి ఒకరి మీద ఒకరు పడ్డారు. పాట ఆగింది. నీల నవ్వుతూ మళ్లీ చప్పట్లు కొట్టింది, అందరూ ఎందుకు ఆగారో తెలియక.

మీ అమ్మ ఏడ్చింది. "తల్లి యాదికొచ్చింది పిల్లకు. ఇంట్ల ఆడమనిషి ఉంటే గిట్లుంటదా? నువ్వు మగోనివి, నీకేం తెలుస్తది కాశీనాథం?" అంది. నాకు తెలుసు అనుకున్నాను.

వచ్చాక డాక్టరుతో మోతాదు పెంచమన్నాను. పెంచాడు. "అవును, అణుగుతుంది" అని నువ్వు రాసిన మాట నా మనసులో ఉంది. ఇప్పుడు నీల బళ్లో నిద్రపోతోంది. మెలకువగా ఉన్నప్పుడు ఆగిపోవడం తగ్గలేదు. ఎక్కువైనట్టే ఉంది. ఇంకా మందు పట్టలేదేమో.

యాదలక్ష్మి తూగుతోందని ఆపించాను. నీల తూగుతోంది, ఆపను.

నువ్వు ఒక్కసారి వచ్చి చూస్తే బాగుంటుంది.

కాశీనాథం


బెంగుళూరు
5 నవంబర్ 1990

బావగారికి,

నేను రావడం గురించి మళ్లీ అడగొద్దు. ఆ మాట పక్కన పెట్టి మీకో వింత చెప్తాను. మా గైడ్‌కు చెప్తే ఆవులించాడు, మీరైనా వింటారు.

రంగు వేసే పని అయ్యాక కొన్ని ఎలుకలకు తల మీద సన్నటి తీగలు అమర్చి మెదడు అలలు గీయిస్తున్నాం. ఒక మగ ఎలుక ఉంది, పల్లీ ఇస్తే రెండు చేతులతో పట్టుకొని పెద్దమనిషిలా తింటుంది. మొన్న అలా కొరుకుతూ కొరుకుతూ ఆగిపోయింది. పల్లీ చేతిలోనే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. మీసాలు మాత్రం సన్నగా వణుకుతున్నాయి. నేను బల్ల మీద కొట్టాను, కదల్లేదు. కాసేపటికి కొరికిన చోటు నుంచే మళ్లీ కొరకడం మొదలుపెట్టింది. ఆ కాసేపూ కాగితం మీద అలలు పెద్దగా, దువ్వెన పళ్లలా ఒకే వరుసలో వచ్చాయి. మా గైడ్ "తూగుతున్న ఎలుక, వదిలెయ్" అన్నాడు. తూగడం కాదు. ఆ తర్వాత చూస్తే మరికొన్ని ఎలుకలూ అలాగే ఆగుతున్నాయి.

బ్రేకు వదులైందేమో అనుకుని, ఆపే కణాల బలం పెంచే మందు ఒకటి ఇచ్చాను. తగ్గాలి కదా? పెరిగాయి! మళ్లీ ఇచ్చాను, మళ్లీ పెరిగాయి. పల్లీ తినడానికే దానికి తీరిక లేదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి మా మగ్గం గుంట గుర్తుకు తెచ్చుకున్నాను. కింద చెక్కను కాలితో తొక్కితే సగం పోగులు ఒక్కసారే కిందికి దిగుతాయి. కాలు తీస్తే అన్నీ ఒక్కసారే పైకి లేస్తాయి. థాలమస్ కణాలూ అంతే. గట్టిగా అణచి వదిలితే ఊరుకోవు, అన్నీ కలిసి ఎగిసిపడతాయి. ఆ దెబ్బకు గొంగడి మళ్లీ అణుస్తుంది. మళ్లీ ఎగిసిపడతాయి. కాలు ఆడుతున్నంతసేపూ కబురు ఒక్కటీ పైకి పోదు. ఎలుక అక్కడే ఉంటుంది, లోకం దానికి అందదు. ఆపేవాళ్లకు బలం పెంచితే మనం ఇంకో కాలు వేసి తొక్కినట్టే.

కాబట్టి సెప్టెంబర్‌లో నేను రాసిన "అవును" తప్పు. ఎలుక "కాదు" అంటోంది. మీ పాఠంలో దిద్దుకోండి.

సంతోషంగా ఉన్న
ప్రమీల


సిద్దిపేట
13 నవంబర్ 1990

ప్రమీలా,

పాఠం కోసం అడగలేదు. నీల కోసం అడిగాను.

నీ ఎలుక చేతిలో పల్లీ, నీల చేతిలో అన్నం ముద్ద. మీసాలకు బదులు రెప్పలు. మిగతాదంతా నువ్వు రాసినట్టే.

కిందటి వారం బడికి పోతూ రోడ్డు దాటుతూ నడిమధ్యలో ఆగిపోయింది. గజ్వేల్ నుంచి వచ్చే బస్సు ఆమె జడకు తగిలేంత దగ్గర ఆగింది. నేను వెనక సైకిలు మీద ఉన్నాను. డ్రైవరు దిగి నన్ను కాలరు పట్టుకున్నాడు. "ఏం సారువయ్యా? నడి రోడ్డు మీద ఫోటో దిగుతున్నట్టు నిలవడితే నా నౌకరీ పోతది, నీ పిల్ల పోతది! ఇంట్ల కట్టేసుకో!" అన్నాడు. నీల నా షర్టు గుంజి "బాపూ, గీ బస్సు ఎప్పుడొచ్చింది?" అని అడిగింది.

ఆ సాయంత్రం మోతాదు ఇంకా పెంచమని అడగడానికి డాక్టరు దగ్గరికి వెళ్లాను. క్లినిక్ మూసి ఉంది. మర్నాడు నీ ఉత్తరం వచ్చింది.

నేను తొక్కుతున్నాను. ఇది నాకు తెలిసింది. కానీ కాలు తీయలేను. ఒకసారి తీయించాను. ఆ చేత్తోనే మళ్లీ డబ్బా మూత పెట్టి, ఇవాళ్టి నుంచి వద్దు బిడ్డా అని ఎట్లా చెప్పాలి?

ఏం చేయాలో రాయి. నువ్వు రాసేదాకా గోలీ ఇస్తూనే ఉంటాను.

కాశీనాథం


బెంగుళూరు
18 నవంబర్ 1990

బావా,

ముందు ఇది చదవండి. గోలీ ఒక్కసారిగా ఆపొద్దు. పెంచొద్దు. ఉన్నది ఉన్నట్టే ఇస్తూ నీలను వెంటనే హైదరాబాదు తీసుకెళ్లండి. డాక్టర్ సామ్యూల్ అని మెదడు, నరాల డాక్టరు. మా సీనియర్‌కు బంధువు. చిరునామా వెనక వైపు ఉంది. నేను ఆయనకు విడిగా రాశాను.

లైబ్రరీలో కూర్చుని పిల్లల జబ్బుల పుస్తకాలు తీశాను. నా ఎలుక మందూ మీ గోలీ ఒకటి కాదు. కానీ ఇలా ఆగిపోయే పిల్లలకు ఆ గోలీ పని చేయదని, కొందరికి ఎక్కువ చేస్తుందని డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలుసట. వీళ్లకు వేరే మందు ఉంది. ఎలుకను అడిగి తెలుసుకోవాల్సిన పని కూడా లేదు. నేను ముందే ఒక్కరోజు ఆ అరలో చెయ్యి పెట్టి ఉంటే చాలు.

మీ ఉత్తరాలు అన్నీ మళ్లీ తీసి చదివాను. అంతా రాసే ఉంది. రెప్పలు కొట్టుకోవడం, నల్లా, గోలీ పేరు, మోతాదు. మీరు ఏదీ దాచలేదు. నేను చదవలేదు. కవరు చింపగానే పెళ్లి మాట ఎక్కడుందో వెదికేదాన్ని. "నీల నిన్ను అడుగుతుంది" అంటే ఆ మాటే అనుకున్నాను. "ఒక్కసారి వచ్చి చూడు" అంటే పెళ్లిచూపులే అనుకున్నాను. చీర పంపితే బొట్టు పెట్టి పంపినట్టే అనుకున్నాను. అక్క కూతురు రోడ్డు మధ్యలో నిలబడి ఉంటే నేను ఇక్కడ నా పెళ్లి తప్పించుకుంటున్నాను.

శనివారం బండికి బయలుదేరుతున్నాను. అవ్వ ఏమనుకుంటుందో అనుకోనివ్వండి.

ప్రమీల


సిద్దిపేట
4 డిసెంబర్ 1990

ప్రమీలా,

రావద్దని నేనిచ్చిన టెలిగ్రాం సమయానికి అందినందుకు సంతోషం. కారణం టెలిగ్రాంలో పట్టదు, ఇక్కడ రాస్తున్నాను. నువ్వు వచ్చి మాతో హైదరాబాదులో ఉంటే మీ అమ్మ ముహూర్తం పెట్టించేది. ఊరు ఇంకో మాట అనేది. నీ చదువు మధ్యలో ఆగేది. నేను ఇప్పటికే ఆపించినవి చాలు.

దుబ్బాక వెళ్లి మీ అమ్మతో చెప్పాను. అత్తా, నాకు ఆ ఆలోచన లేదు, ఎప్పుడూ లేదు అన్నాను. "గట్లయితే చీరెందుకు పంపినవ్?" అంది. మీరు పంపమన్నారు కనుక పంపాను, నేసినాయన బిడ్డకు చేరాలని పంపాను అన్నాను. తర్వాత "నువ్వు ఒంటిగ పిల్లతోని ఎట్ల ఎల్లదీస్తవ్ రా" అని బియ్యప్పిండి మూట కట్టిచ్చింది. నువ్వు చీర విప్పకపోవడం నా మీద నిందే అని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ సంగతి ఇక వదిలేద్దాం.

సామ్యూల్ గారిని చూశాం. తీగలు పెట్టక ముందే ఆయన ఒక కాగితం ముక్క నీల ముక్కు ముందు వేలాడదీసి, "ఊదు బిడ్డా, ఆపకుండ ఊదు, కాగితం ఎగురుతనే ఉండాలె" అన్నాడు. నీలకు ఆట దొరికింది. ఊదింది, ఊదింది. తర్వాత కాగితం కదలకుండా వేలాడింది. ఆయన ఆమె చెవి దగ్గర మెల్లగా "జామపండు" అన్నాడు. మళ్లీ కాగితం ఎగిరింది. "నేనేమన్న బిడ్డా?" అని అడిగాడు. "ఏమనలే. ఊదమన్నవ్ గదా" అంది. ఆయన నా వైపు చూశాడు. తర్వాత తీసిన గీతల్లో నువ్వు రాసిన దువ్వెన పళ్లు ఉన్నాయి.

"తల్లిది వేరు సార్, పిల్లది వేరు. రెండిటికీ ఒక మందు కాదు" అన్నాడు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, వాళ్లకేమైంది అని అడిగాడు. చెప్పాను. "ఒక్కసారే ఆపిన్రా?" అన్నాడు. అవునన్నాను. రాసుకున్నాడు.

కొత్త మందు మొదలైంది, వాల్ప్రోయేట్. పాతది ఆపడం కాదు, దించాలట. బ్లేడుతో సగం చేసి కొన్నాళ్లు, పావు చేసి కొన్నాళ్లు. బడికి నేనే చెయ్యి పట్టుకొని తీసుకెళ్తున్నాను. టీచరుకు జబ్బు పేరు చెప్పాను. ఆమె నీలను ముందు బెంచీలోకి మార్చింది. అంతే జరిగింది.

కాశీనాథం


బెంగుళూరు
27 జనవరి 1991

బావా,

అవ్వ కార్డు వచ్చింది. ఈసారి పెళ్లి మాట లేదు. "పిల్ల నాతోని గంటసేపు లొల్లి వెట్టుకున్నది, ఒక్కసారి గూడ ఆగలే" అని ఫిర్యాదు. నేను ఆ కార్డు పట్టుకొని ల్యాబులో అందరికీ చూపించాను. తెలుగు చదవడం రానివాళ్లకు కన్నడంలో చెప్పాను.

గైడ్ ఆవులించడం మానేశాడు. ఆ ఎలుకల పని అచ్చుకు పంపుదాం అంటున్నాడు. పల్లీల పెద్దమనిషి చచ్చిపోయాడు. అతని మెదడు పలకలు నా బల్ల మీద ఉన్నాయి. గొంగడి పొర గోధుమ రంగులో స్పష్టంగా పట్టింది. చూస్తుంటే "అవును, అణుగుతుంది" అని నేను రాసిన అక్షరాలు కనిపిస్తాయి. ఒక్క గీతలో రాశాను. తర్వాత టీ తాగడానికి వెళ్లాను. అది కూడా గుర్తుంది.

చీర విప్పాను. మడతల్లో అక్క తల నూనె వాసన ఇంకా ఉంది. నా ముక్కు చావలేదన్నమాట.

కొత్త మందు గురించి రాస్తున్నారు, పాత గోలీ గురించి రాయడం లేదు. ఎంతవరకు దించారు? పూర్తిగా అయిపోయిందా? మీ జవాబును ఈసారి సగమే చదివి పక్కన పెట్టను. జవాబు రాయండి.

ప్రమీల


సిద్దిపేట
21 ఏప్రిల్ 1991

ప్రమీలా,

జవాబు ఆలస్యం చేశాను. రాయడానికి ఏమీ లేక కాదు.

పాత గోలీ ఫిబ్రవరిలోనే అయిపోవాలి. పావు ముక్క దగ్గర నేను ఆగిపోయాను. ఆ పావును బ్లేడుతో ఇంకా చిన్నది చేశాను. దాన్నీ చేశాను. చివరికి అది ముక్క కాదు, వేలి కొనకు అంటుకునే పిండి. అయినా రోజూ నీల నాలుక మీద పెడుతూ వచ్చాను. నీల ఆగిపోవడం ఎప్పుడో పోయింది. కొత్త మందుతోనే పోయిందని నాకు తెలుసు. అయినా పెట్టాను. కిందటి నెల సామ్యూల్ గారికి చెప్తే ఆయన నవ్వలేదు. "ఆ పిండి పిల్లకు కాదు సార్, మీరు ఏసుకుంటున్నరు" అన్నాడు.

నిన్నటితో బళ్లు మూశారు. మళ్లీ ఎండాకాలం సెలవులు. యాదలక్ష్మిని మానెయ్యమన్నది ఈ రోజుల్లోనే, ఈ వరండాలోనే. ఆమె నన్ను రెండోసారి అడగలేదు. సరే అంది. డబ్బా అలమారలో వెనక్కి జరిపింది.

ఇవాళ పొద్దున నేను నీకు ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. నీల వచ్చి కాగితం కింది భాగం తనకు కావాలంది. నేను రాయాల్సిన పై భాగం ఖాళీగా వదిలి కలం ఆమెకే ముందిచ్చాను. గోలీ డబ్బా పక్కనే ఉంది, ఆ పూట పిండి ఇంకా పెట్టలేదు.

రెండు మూడు మాటలు రాసింది. చెయ్యి ఆగింది. కలం పాళీ కాగితం మీదే ఉంది. కళ్లు తెరిచి ఉన్నాయి, ఎటో చూస్తున్నాయి. సిరా మెల్లగా ఊరి మరక పెద్దదవుతోంది. నేను పిలవలేదు. పిలిచే ధైర్యం లేదు. నా చెయ్యి డబ్బా మీదికి పోయింది. మూత తీశాను. వేలు లోపల పెట్టాను.

"ఆగు బాపూ," అంది తల తిప్పకుండానే. "సోంచాయిస్తున్న."

వేలికి అంటిన పిండి మళ్లీ డబ్బాలో దులిపి మూత పెట్టాను. పారెయ్యలేదు. ఇవ్వలేదు. డబ్బా నా ముందే ఉంది.

నీల రాసింది కింద ఉంది. సిరా మరక ఉన్నచోట ఆగింది. అది ఆలోచించడమే. నేను పక్కనే ఉండి చూశాను.

కాశీనాథం

చిన్నమ్మా, నీ ఎలుకకు గూడ          నా కొత్త గోలీనే ఇయ్యి. చేదు ఉండది. — నీలవేణి, నాలుగో తరగతి